రేడియేటర్ నీళ్ళ కథ

పోస్టు కొంచెం పెద్దది. పాత కారు నడిపేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి, ముఖ్యంగా ఈ మధ్యే ఐర్లాండు వచ్చి తక్కువ ధరలో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్ళు.

పోయిన చలికాలం సంగతి. మెయ్‌నూత్‌లో మేం నలుగురం ఒకే ఇంట్లో ఉంటాం. నలుగురికీ కలిపి ఒకటే కారు, 2006 మోడల్. ఇద్దరికి రాత్రి షిఫ్టులు. ఆ టైముకు మాకు పనికొచ్చే రైలూ ఉండదు, బస్సూ ఉండదు. ఆ కారు కదిలితేనే మా జీతాలు కదులుతాయి. నవంబర్‌లో ఒక రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటే హీటర్‌లోంచి చల్లగాలి రావడం మొదలైంది. "అన్నా, హీటర్ ఖరాబైనట్టుంది" అన్నాడు మా జగిత్యాల తమ్ముడు. "ఇంజిన్ బానే ఉంది కదరా, జాకెట్ జిప్పు పెట్టుకో" అన్నాడు మాలో పెద్దవాడు. టెంపరేచర్ ముల్లు మామూలు చోటే ఉంది. మర్నాడు బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ డబ్బాలో మట్టం కింది గీతకంటే దిగువకు పోయింది. ఒక సీసాడు కొళాయి నీళ్ళు పోశాం. వారం పది రోజులకు మళ్ళీ తగ్గింది. మళ్ళీ పోశాం. అట్లా డిసెంబర్ దాటిపోయింది. నలుగురిలో ఒక్కరికి కూడా ఇందులో తప్పేముందని అనిపించలేదు.

జనవరిలో ఒక రాత్రి బాగా మంచు పట్టింది. తెల్లారి గడ్డి మొత్తం ఉప్పు చల్లినట్టు ఉంది. కారు స్టార్ట్ అయితే అయ్యింది. ఐదు నిమిషాలు పోయామో లేదో ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది, ముందునుంచి ఆవిరి. బయట గడ్డకట్టే చలి, లోపల ఇంజిన్ కాలిపోతోంది. ఇదెట్లా సాధ్యమో రోడ్డు పక్కన నిలబడి ఎంత ఆలోచించినా మాకు అర్థం కాలేదు.

షెడ్డులో ముసలాయన డబ్బాలోంచి ఒక చుక్క తీసి, చిన్న దుర్బీనులాంటి గొట్టం అద్దం మీద వేసి, వెలుతురుకు ఎత్తి చూశాడు. ఎన్నాళ్ళుగా నీళ్ళు పోస్తున్నారని అడిగాడు. చెప్పాం. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. రేడియేటర్‌లో నీరు గడ్డకట్టి దారి మూసుకుపోయిందట, అందుకే ఇంజిన్ దగ్గరి వేడి బయటికి పోలేదట. ఆ గడ్డే రేడియేటర్‌ను చీల్చింది. ఇంజిన్ పక్కనుండే ఇనప బిళ్ళ ఒకటి కూడా బయటికి తన్నుకొచ్చింది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ఇనుమూ ఆగదు, అల్యూమినియమూ ఆగదు. రిపేరుకు ఇద్దరి రెండు వారాల జీతం పోయింది.

డబ్బు కట్టేశాక మాకు మిగిలిన ప్రశ్న ఒకటే. మాలో ఇద్దరు గోదావరి వాళ్ళం, ఇద్దరు కరీంనగర్ వైపు వాళ్ళం. ఒకరినొకరు అడక్కుండానే నలుగురమూ అదే సీసా ఎందుకు పట్టుకున్నాం? సెలవు రోజుల్లో చదువుతూ పోతే ఇది నూట ముప్ఫై ఏళ్ళ కథ అని తేలింది. అందులో మేముంటున్న ఈ కిల్‌డేర్ కౌంటీ కూడా ఉంది, మన హైదరాబాద్ కూడా ఉంది.

మొదట మన ఊరి సంగతి. మాలో ఒకడి మేనమామ లారీ క్లీనర్‌గా చేసినవాడు. లారీ ధాబా దగ్గర ఆగితే డ్రైవర్ మంచం వెతుక్కుంటాడు, క్లీనర్ నీళ్ళ డబ్బా వెతుక్కుంటాడు. రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి, మొహం పక్కకు తిప్పి, సగం తిప్పు తిప్పి, ఆవిరి పోయేదాకా ఆగి నీళ్ళు పొయ్యడం వాళ్ళ మొదటి పాఠం. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. ఆ మలుపుల్లో, నల్లమలలో శ్రీశైలం ఎక్కే దారిలో, అరకు దారిలో బానెట్ ఎత్తి ఆగిన బస్సును చూడకుండా పెరిగిన తెలుగువాడు మా వయసులో తక్కువే. "బండి బాయిల్ అయ్యింది" అనేవారు. చెరువు నీళ్ళు, బోరు నీళ్ళు, సోడా షాపువాడి బకెట్ నీళ్ళు, ఏవైనా సరే. మనకు నీళ్ళు మరగడమే భయం, గడ్డకట్టడం అనేది లంబసింగి వార్తల్లో చదివే వింత.

నిజాం స్టేట్ రైల్వే వాళ్ళ రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఇవ్వాళ్టి ఆర్టీసీకి మూలం అదే. ఆ ఆల్బియన్ బస్సులు స్కాట్లాండ్‌లో తయారైనవి. అంటే చలిదేశంలో పుట్టి దక్కన్ ఎండకు వచ్చినవి. మేం సరిగ్గా తిరుగు దారిలో వచ్చాం, మా అలవాటును కూడా వెంట తెచ్చుకున్నాం.

ఇంతకీ కారుకు నీళ్ళ బాధ పుట్టుకతోనే వచ్చింది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వరకు దాదాపు వంద కిలోమీటర్లు నడిపింది. ఆ బండిలో చల్లబరిచే పద్ధతి ఏమిటంటే, నీళ్ళు మరిగి ఆవిరైపోవడమే. వేడిని ఆవిరి పట్టుకుపోతుంది, మళ్ళీ నీళ్ళు పోసుకోవాలి. ఆమె దారి పొడుగునా ఆగి ఆగి నీళ్ళు పోసుకుంటూ వెళ్ళింది. ఇంధనం ఒక మందుల షాపులో దొరికింది. నీళ్ళ కోసమే ఎక్కువ సార్లు ఆగాల్సి వచ్చింది. ప్రపంచంలో మొదటి దూరప్రయాణమే మన లారీ క్లీనర్ పనితో సాగిందన్నమాట.

దీన్ని మార్చినవాడు విల్హెల్మ్ మేబాఖ్. 1900 చివర్లో బయటికొచ్చిన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు ఆయన తేనెపట్టులాంటి రేడియేటర్ పెట్టాడు. ఆరేసి మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070. గాలి వాటిలోంచి దూసుకుపోతుంది, వెనక ఫ్యాను. అంతకుముందు 18 లీటర్లు మోసిన బండికి 9 లీటర్లు చాలాయి. ఇక నీళ్ళు ఆవిరై పోవు, తిరిగి తిరిగి అవే వాడకం. మేం ఇక్కడ కాసేపు ఆగాం, ఎందుకంటే కారులో నీళ్ళు "ఖర్చయ్యే" సరుకుగా ఉండటం ఆగిపోయింది ఇక్కడే. 1900 తర్వాత మంచి కారులో నీళ్ళు తగ్గాయంటే అవి ఎక్కడికో పోతున్నాయని అర్థం. మన బుర్రల్లో మాత్రం బెర్తా బెంజ్ కాలమే నడుస్తోంది. తగ్గితే పొయ్యడం, పెట్రోలు పోసినట్టు.

ఆ మెర్సిడెస్ వంశం మా కౌంటీకి కూడా వచ్చింది. 1903 జూలై 2న గోర్డన్ బెన్నెట్ కప్పు రేసు ఇక్కడే కిల్‌డేర్ దక్షిణ భాగంలో, పక్క కౌంటీల రోడ్ల మీద జరిగింది. ఇంగ్లండులో రోడ్డు రేసుకు చట్టం ఒప్పుకోక ఐర్లాండు రోడ్లను ప్రత్యేక చట్టంతో మూయించారు. కిల్‌కల్లెన్, కిల్‌డేర్, అథై, కార్లో మీదుగా 327 మైళ్ళ పైచిలుకు. మర్యాద కోసం బ్రిటిష్ జట్టు కార్లకు ఆకుపచ్చ రంగు వేశారు. ఆ పచ్చరంగే తర్వాత వాళ్ళ గుర్తయింది. జర్మన్ల 90 హార్స్‌పవర్ కార్లు అంతకుముందే ఫ్యాక్టరీ మంటల్లో కాలిపోతే, కొన్నవాళ్ళ దగ్గర్నుంచి 60 హార్స్‌పవర్ కార్లు అరువు తెచ్చుకున్నారు. అందులో ఒకదాన్ని నడిపిన బెల్జియం వాడు కమిల్ జెనాట్జీ 6 గంటల 39 నిమిషాల్లో గెలిచాడు. అరువు కారు. మాకు ఆ ముక్క బాగా నచ్చింది.

మెయ్‌నూత్‌కూ కారు ఇంజిన్‌లో వాటా ఉంది. ఇక్కడి సెయింట్ ప్యాట్రిక్స్ కాలేజీలో పాఠం చెప్పిన ఫాదర్ నికోలస్ కాలన్ 1836లో ఇండక్షన్ కాయిల్ చేశాడు. పెట్రోలు ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు అదే పూర్వీకుడు. కాలేజీ మ్యూజియంలో ఆయన పరికరాలున్నాయి, తెరిచిన రోజున వెళ్ళి చూడండి. నిప్పు సంగతి మా ఊరిది, నీళ్ళ సంగతి మిగతా ప్రపంచానిది.

చలిదేశాల్లో మొదటి తరం కార్లవాళ్ళు రాత్రి రేడియేటర్ ఖాళీ చేసి, పొద్దున వేడినీళ్ళు పోసుకునేవారు. కొందరు ఆల్కహాల్ కలిపేవారు. అది గడ్డకట్టదు గానీ ఇంజిన్ వేడెక్కగానే నీళ్ళకన్నా ముందు ఎగిరిపోతుంది. కొందరు గ్లిసరిన్ కలిపేవారు. అది చిక్కన. అసలు మందు అప్పటికే ఎప్పుడో పుట్టి ఉంది. ఫ్రెంచి రసాయనికుడు షార్ల్ అడోల్ఫ్ వుర్ట్జ్ 1856లోనే ఇథిలీన్ గ్లైకాల్ తయారుచేశాడు, కానీ అప్పుడు దాంతో పనేమిటో ఎవరికీ తెలీదు, కారే లేదు కదా. అమెరికాలో 1920లలో పెద్ద ఎత్తున తయారీ మొదలయ్యాక 1927లో ప్రెస్టోన్ పేరుతో కూలెంట్‌గా అమ్మకానికి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటలేం. ఆ ప్రెస్టోన్ అమ్మింది యూనియన్ కార్బైడ్ గ్రూపు. భోపాల్ పేరు వింటే మనకు గుర్తొచ్చే అదే కంపెనీ. 1984 డిసెంబర్ 2 రాత్రి 610 నంబరు ట్యాంకులోకి నీళ్ళు చేరి మిథైల్ ఐసోసైనేట్ మరిగింది. ఆ ట్యాంకులను చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్ యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు, అందులోని శీతలద్రవాన్ని కూడా తీసేశారు. ప్రపంచానికి కూలెంట్ అమ్మి డబ్బు చేసుకున్న కంపెనీ ఇక్కడ కూలెంట్ దగ్గర పొదుపు చేసింది. కారు రేడియేటర్ కథలో దీన్నెందుకు తెచ్చారని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు లేదు. చదువుతుంటే కనపడింది, రాయకుండా ఉండలేకపోయాం.

హైదరాబాద్ సంగతి చెప్తామన్నాం కదా. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది, ఎందుకంటే దానికి డబ్బిచ్చింది నిజాం. 1940లో వాళ్ళు స్పిట్‌ఫైర్‌లతో ఇంగ్లండు దక్షిణ తీరాన్ని కాపాడారు. ఆ విమానం ఇంజిన్ రోల్స్‌రాయిస్ మెర్లిన్. తొలి మెర్లిన్‌లకు శుద్ధమైన గ్లైకాల్ పోసేవారు, తర్వాతి రకాల్లో 70 పాళ్ళు నీళ్ళకు 30 పాళ్ళు గ్లైకాల్‌కు మారారు. శత్రువు గుండు రేడియేటర్‌కు తగిలితే వెనక తెల్లటి చార. ఆ చార కనపడితే పైలట్‌కు మిగిలేది కొన్ని నిమిషాలే, ఆ తర్వాత ఇంజిన్ పట్టేస్తుంది. ఇంగ్లండు ఆకాశంలో నిజాం డబ్బుతో గ్లైకాల్ తిరుగుతున్న రోజుల్లోనే, దక్కన్ రోడ్ల మీద మన బస్సులు బావినీళ్ళతో పోతున్నాయి. ఎవరి అవసరం వాళ్ళది. మన బస్సులకు మంచు భయం లేదు.

మెర్లిన్‌లో నీళ్ళెందుకు కలిపారనేది ముఖ్యం. చాలామంది కూలెంట్ అంటే చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకుంటారు, మేం కూడా అట్లాగే అనుకున్నాం. వేడిని మోయడంలో నీళ్ళను మించింది లేదు. శుద్ధ గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. సగం సగం కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. మరగడం 107 డిగ్రీల దగ్గర, ప్రెషర్ మూత బిగిస్తే 125 కూడా దాటుతుంది. 2010 క్రిస్మస్ రోజున మేయో కౌంటీలోని స్ట్రేడ్‌లో మైనస్ 17.5 నమోదైంది. 1881 జనవరిలో స్లైగో దగ్గర మార్క్రీలో నమోదైన మైనస్ 19.1 ఈ దేశపు రికార్డు. అంటే సరిగ్గా కలిపిన కూలెంట్‌కు ఐర్లాండు చలి లెక్కలోకే రాదు. మా డబ్బాలో ఉన్నది మాత్రం మైనస్ 3 దగ్గరే చేతులెత్తేసే సరుకని ఆ ముసలాయన గొట్టంలో చూసి చెప్పాడు.

మన అలవాటుకు ఇంకో మూలం లోహం. పాత లారీల, అంబాసడర్‌ల రేడియేటర్లు రాగి, ఇత్తడి. ఇంజిన్ పోత ఇనుము. తుప్పుపట్టి నీళ్ళు టీ రంగుకు మారినా బండి నడిచేది. కారితే విజయవాడ ఆటోనగర్‌లోనో ఊరి అడ్డా దగ్గరో టంకం పెట్టించేవాళ్ళం. ఇప్పటి కార్లలో రేడియేటర్ అల్యూమినియం, దాని తలలు ప్లాస్టిక్, ఇంజిన్ తల కూడా అల్యూమినియం. వీటిని తుప్పునుంచి కాపాడే మందులు కూలెంట్‌లోనే ఉంటాయి. వట్టి నీళ్ళు పోసినకొద్దీ ఆ మందు పలచబడుతుంది. కాబట్టి ఇంటి దగ్గర 45 డిగ్రీల ఎండలో కొత్త కారు ఉన్నవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. "మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు" అని ఊళ్ళో మా బాబాయి ఫోన్లో అన్నాడు. ఈ ముక్క చెప్పాం, నమ్మాడో లేదో.

ఇక హీటర్. మమ్మల్ని అసలు దెబ్బతీసింది ఇదే. మన ఊళ్ళో కారులో ఏసీ తెలుసు, హీటర్ ఎవడు వేస్తాడు? డ్యాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ ఒకటి ఉంటుంది. ఇంజిన్ వేడినీళ్ళే అందులోంచి తిరుగుతాయి, ఫ్యాను ఆ వేడిని మన మీదికి కొడుతుంది. కూలెంట్ తగ్గితే అక్కడికి నీరు సరిగా చేరక మొదట హీటర్ చల్లబడుతుంది. ముల్లు మాత్రం అబద్ధం చెప్పగలదు, ఎందుకంటే దాని సెన్సర్ నీళ్ళలో కాకుండా గాలిలో మిగిలిపోతే సరైన వేడి చూపదు. నవంబర్‌లో మా కారు మాకు చెప్పాల్సింది చెప్పింది. మేం జాకెట్ జిప్పు పెట్టుకున్నాం. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కితే హీటర్ ఫుల్లుగా తిప్పమని కొందరు పాత డ్రైవర్లు చెప్పే చిట్కా కూడా ఇదే లెక్క. ఇంకో చిన్న రేడియేటర్ కలిసొచ్చినట్టు. అది షెడ్డుదాకా, సురక్షితంగా ఆపుకునేదాకా పనికొస్తుంది, అంతే.

మట్టం తగ్గితే ఇప్పుడు మేం చేసేది చెప్తాం. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోం. లోపల ఒత్తిడి మీద 110 డిగ్రీల దగ్గర ఉన్న నీరు, మూత తియ్యగానే ఒక్కసారిగా ఆవిరై మొహానికి కొడుతుంది. తడిగుడ్డ విద్య పాత లారీలతోనే పోనివ్వండి. డబ్బా మీది రెండు గీతల మధ్య ఉంటే చాలు, పైదాకా నింపక్కర్లేదు. కారు పుస్తకంలో రాసిన రకమే పొయ్యాలి. ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగులు చూసి కలపొద్దు, ఒక కంపెనీ గులాబీకి ఇంకో కంపెనీ గులాబీకి పొంతన ఉండదు. సీసా మీద కలిపి ఉన్నదా, నీళ్ళు కలపాల్సినదా చూసుకోండి. రోడ్డు మీద ఇరుక్కుని ఏమీ లేకపోతే నీళ్ళు పొయ్యడం తప్పు కాదు. పోసి ఊరుకోవడంతోనే మేం మునిగాం.

రెండోసారి తగ్గితే ఎక్కడికి పోతుందో వెతకాలి. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి పొద్దున తడి చూడండి. రబ్బరు పైపుల చివర్లు, నీళ్ళ పంపు కింద ఎండిన రంగు మరకలు చూడండి. కారు లోపల తియ్యటి వాసన, ముందు కార్పెట్ తడి, అద్దం మీద జిడ్డు ఆవిరి ఉంటే డ్యాష్‌బోర్డు వెనక కారుతోంది. ఎక్కడా కారకుండా తగ్గుతుంటే, వేడెక్కాక కూడా పొగగొట్టంలోంచి తెల్లపొగ వస్తుంటే, ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనపడితే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. ఆ మీగడ ఒక్కటే ఉంటే కంగారుపడకండి, చలికాలం దగ్గర దూరాలకే తిరిగే కార్లలో తేమవల్ల కూడా వస్తుంది. మా కారులో తీరా చూస్తే ఒక పైపు క్లిప్పు వదులైంది. నవంబర్‌లో చూసి ఉంటే దాని ఖరీదు రెండు కాఫీలు.

కింద పడిన కూలెంట్ కడిగెయ్యండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెం తాగినా వాటి కిడ్నీలు పోతాయి. పిల్లలున్న ఇంట్లో సీసా పై అరలో పెట్టండి. పాత కూలెంట్‌ను డ్రైనేజీలో పొయ్యకుండా రీసైక్లింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి తీసుకుంటారేమో అడగండి.

ముసలాయన చూసిన ఆ గొట్టంలాంటిది మేం కూడా ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాం, పెద్ద ధరేమీ కాదు. కిల్‌కాక్, లీక్స్‌లిప్, సెల్‌బ్రిడ్జ్ దగ్గర ఉన్నవాళ్ళు ఆదివారం పొద్దున తీసుకొస్తే మీ కారు కూలెంట్ ఎంత చలిదాకా ఆగుతుందో చూసి చెప్తాం. చిక్కల్లా ఒకటే. కారులో వస్తారు కాబట్టి ఇంజిన్ వేడిగా ఉంటుంది, చల్లారడానికి రెండు మూడు గంటలైనా ఆగాలి. ఈలోపు టీ, ఉప్మా మావి.